పెద్ద గేటు సెల్యూట్

దొడ్డమ్మ హూడిలో ఒక అపార్టుమెంటులో నాలుగిళ్లకు వంట చేస్తుంది. సైకిల్ మీద వస్తుంది. పెద్ద గేటు అక్కడ కాపురమున్నవాళ్లకే. వెనకున్న పనివాళ్ల గేటుకు చేరాలంటే రాంగ్ సైడులో నీళ్ల ట్యాంకర్లకు ఎదురెళ్లాలి. పోయిన నెల అక్కడే పడింది, నెత్తికి ఆరు కుట్లు పడ్డాయి. హెల్మెట్ కొనుక్కుంది. కొప్పు అడ్డమొస్తే జడ వేసుకుంది.

హెల్మెట్ పెట్టుకున్న తొలిరోజు పెద్ద గేటు ముందు నుంచి పోతుంటే, ఆమె చుడీదార్, హెల్మెట్ చూసి ఎవరో ఇంజనీరమ్మ అనుకున్న వాచ్‌మన్ ఓబళప్ప పెద్ద గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. లోపలికొచ్చి ఆమె హెల్మెట్ తీసింది.

“అయ్యో, నువ్వా అక్కా! ఎనక గేటుకు పో, నా పని పోతాది.”

“హెల్మెట్టుంటే సెల్యూటు, తీస్తే ఎనక గేటా అప్పా? లోపలుండే తలకాయ ఒకటే కదా!”

గొడవ విని సెక్రటరీ శశిధర్ దిగివచ్చాడు. “వెనక గేటుకే వెళ్లు. హెల్మెట్ ఉందిగా, ఇంక ఆ దారంటే భయమెందుకు?”

“ట్యాంకరుకు ఎదురు పంపిచ్చి ఆ మాటంటే ఎట్ల సార్? హెల్మెట్ నేను పెట్టుకుంటా. దోవ మీరియ్యండి.”

మర్నాడు సైకిళ్ల మీద పనికొచ్చే పదకొండుమంది ఆడవాళ్లూ పెద్ద గేటు ముందే నిలబడ్డారు. తొమ్మిదైనా వాళ్లు పనిచేసే ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. చివరికి శశిధరే వచ్చి గేటు తీయమన్నాడు.

దొడ్డమ్మ హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని, అందరికన్నా ముందు లోపలికి నడిచింది. ఓబళప్ప ఈసారి ఎవరో తెలిసే సెల్యూట్ కొట్టాడు.