సూదులతోనే నిద్రపోయాను

2012 ప్రాంతంలో మేము చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. నిద్రలో నాకు ఊపిరి ఆగుతోందని, రాత్రిపూట మాస్కున్న మిషన్ పెట్టుకోమన్నారు డాక్టరు. అది తగిలించుకుంటే ఏనుగు తొండంలా ఉందని పిల్లలు నవ్వేవారు. దాన్ని మూలన పడేసి, నారాయణగూడలో ఆక్యుపంక్చర్ చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

నా జబ్బు సంగతంతా విని, "మిషన్ రోజూ పెట్టుకుంటున్నరా?" అని ఆమె అడిగితే, పెట్టుకుంటున్నానని అబద్ధమాడాను.

మూడోరోజు పొద్దున సూదులు గుచ్చిన ఐదు నిమిషాలకే నిద్రపట్టింది. ఎవరో భుజం పట్టి కుదిపితే లేచాను. తెర బయట కూర్చున్న పేషెంట్లంతా నా మంచం చుట్టూ ఉన్నారు.

"గురక ఒక్కసారే బందైంది. పానం పోయిందనుకున్న బిడ్డా," అంటూ ఒక ముసలమ్మ కళ్లు తుడుచుకుంది.

డాక్టరమ్మ నిదానంగా సూదులు తీస్తూ, "మాస్క్ పెట్టుకునేటోళ్లు పొద్దుగాల ఇట్ల పడుకోరు సార్. నా సూదులు ఆ మిషన్‌కు తోడు, దాని బదులు కాదు. పెట్టుకోకపోతే నా దగ్గరికి రావద్దు," అన్నారు.

తన దగ్గరికి రావద్దన్న డాక్టర్ని అంతకుముందు నేను చూడలేదు. ఆ రాత్రి నుంచి తొండం తగిలించుకునే పడుకునేవాణ్ణి.

తర్వాత సూదులకు వెళ్లినప్పుడల్లా ఆ ముసలమ్మ, నేను తెర వెనక్కి పోకముందే అడిగేది: "రాత్రి పెట్టుకున్నవా బిడ్డా?"