తడిచీర కింద కారు

మా మరిది నోట్లోంచి ఊడిన పన్ను కారు బానెట్ మీద పడి, జర్రున జారి నేల మీదికి పోయింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అంత రక్తంలోనూ నా కంటికి ఆనింది అదే. పన్ను ఆగడానికి ఆ బానెట్ మీద ఒక గాడి లేదు, ఒక అతుకు లేదు. అది మా ఆయన చేసిన బండి మరి.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మాకు టింకరింగ్ షెడ్డు ఉంది. గుద్దుకుని వచ్చిన కార్లను మా ఆయన, ఆయన తమ్ముడు కొట్టి సాపు చేస్తారు. షెడ్డు వెనక రెండు గదుల్లోనే మా కాపురం. ఒకసారి లారీ కింద నలిగిన కారొకటి వచ్చింది. ఇంజను బతికింది, ఒళ్లు చచ్చింది. దాని యజమాని వద్దనుకుని మాకే వదిలేశాడు. మా ఆయన ఆ ఒళ్లంతా కోసి పారేసి, పని లేని ఆదివారాల్లో దాని మీద ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు కట్టాడు.

రేకు పని అయ్యాక నా పాత నూలు చీర అడిగాడు. బకెట్లో ముంచి, పిండకుండా ముక్కు నుంచి తోక దాకా పరిచాడు. మా మావగారు సముద్రం ఒడ్డున పడవలు చెక్కే రోజుల్లో అలాగే తడిగుడ్డ పరిచి చూసేవారట. గుడ్డ మడత పడిందంటే ఆ చోట పని కుదరలేదని. మడత పడిన ప్రతిచోటా మా ఆయన మళ్లీ కొట్టాడు, మళ్లీ పరిచాడు. ఆఖరికి చీర ఒంటికి అతుక్కున్నట్టు పడుకుంది. చీర కింద ఉరకబోయే కుక్క ఉన్నట్టే ఉంది. ముక్కు నేలకి దించి, వెనక తుంటి ఎత్తి, బరువంతా చక్రాల మీదికి కూడగట్టుకుని.

"ఏటి మావా, ఒక పువ్వు లేదు, గీత లేదు. బొట్టెట్టని పెళ్లికూతుర్లాగున్నాది" అన్నాను.

"ఉండనీయే. మీద ఎట్టిందే ముందు ముసిల్దయిపోద్ది" అన్నాడు మా ఆయన.

మరిదికి ఆ మాట ఎక్కలేదు. తనూ ఒక పాత కారు కొని, దానికి ముందు పళ్లు ఇకిలించినట్టు ఒక జాలీ పెట్టాడు. పక్కల చేప మొప్పల్లా చీలికలు కోశాడు. వెనక పెద్ద రెక్క బిగించాడు. ఆ ఏడాది వీధి కుర్రాళ్లంతా దాని చుట్టూనే. తర్వాత గాలికి వచ్చే బొగ్గు దుమ్ము ఆ చీలికల్లో దిగి గట్టిపడింది. ఉప్పుగాలి బోల్టుల దగ్గర కొరికింది. రెక్క బిగించిన చోట తుప్పు, పుండు మీద రసిలా కారింది. ఈలోపు అలాంటి రెక్కలు ఆటోలకి కూడా వచ్చేశాయి. ఇక ఎవరు చూస్తారు? మా ఆయన బండికి మాత్రం వాన పడితే చాలు, దుమ్ము ఒక్క జారుడులో పోయేది. అది ఏ కాలం నాటి బండో చూసినవాళ్లు చెప్పలేకపోయేవారు.

ఆ మధ్య బీచ్ రోడ్డులో కుర్రాళ్లు కార్ల ప్రదర్శన పెడుతున్నారని, అన్న బండి తీసుకెళతానని మరిది పట్టుబట్టాడు. ఫోనులో వీడియో పెడితే ఎవరో సబ్బుబిళ్ల అని నవ్వారట. అందుకని తోక కోసి రెక్క పెడతానన్నాడు. మా ఆయన వద్దన్నాడు. "ఊరందరి బళ్లూ బాగుసేసినాను. నాకోసం నాను సేసుకున్నది ఇదొక్కటే. దాని జోలికొస్తే ఊరుకోను" అన్నాడు.

ఆయన రేకు కోసం గోపాలపట్నం వెళ్లిన మధ్యాహ్నం షెడ్డులో గ్యాసు మంట బుస్సుమంది. నేను పరుగున వెళ్లేసరికి మరిది చేతిలో రేకు కోసే గ్యాసు గొట్టం, తోక మీద సుద్దతో గీసిన గీత.

"బావూ, ఆపు. మీ అన్నొచ్చాక అడిగి సెయ్యి."

"ఒచ్చాక సెయ్యనిత్తాడేటి ఒదినా? ఇది ఆడి కొడుకు. నాను జీతగాడ్ని."

మా ఆయన అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. తమ్ముడి జుట్టు పట్టి ముందుకి ఈడ్చి, ముఖాన్ని బానెట్‌కేసి కొట్టాడు. అప్పుడే ఆ పన్ను ఊడింది. మంట ఆరని గొట్టం గచ్చు మీద పడి బుసకొడుతూనే ఉంది. మరిది చేతికందిన ఇనపరాడ్డు తిప్పాడు. మా ఆయన కుడి మణికట్టు చెరుకుగడ విరిగినట్టు పటుక్కుమంది. ఆయన ఎడంచేత్తో తమ్ముడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ నేల మీద పడి దొర్లారు. మరిది గొట్టం అందుకుని అన్న ముఖం మీదికి తెచ్చాడు. మంట చెవి పక్కగా పోయి జుట్టు కమిలిన వాసన వచ్చింది.

అరిచాను. పక్కన గూడ్సు బండి పోతోంది, నా అరుపు నాకే వినపడలేదు. లాగబోతే మరిది మోచెయ్యి నా కడుపులో దిగింది. మూలనున్న సమ్మెట రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి ఆ తోక మీద వేశాను. రేకు కేక వేసింది. మనిషి అరుపు వినని ఇద్దరికీ ఆ కేక వినపడింది. పట్లు వదిలేసి చూశారు.

"దీని కోసవే కదా. సాలిందా, ఇంకోటెయ్యనా?" అన్నాను.

మరిది లేచి గ్యాసు కట్టేశాడు.

ఒకే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను, మధ్యలో నేను, అటొకడు ఇటొకడు. ఎవరు కొట్టారని నర్సు అడిగితే, "కారు మీద పడ్డాదమ్మా" అన్నాడు మరిది. "ఇద్దరి మీదానా?" అంది ఆవిడ. "పెద్ద కారు" అన్నాడు మా ఆయన. తర్వాత చాలా రోజులు ఆ అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. కూర కావాలన్నా, పానా కావాలన్నా నా ద్వారానే.

మా ఆయన చెయ్యి సుత్తి పట్టే స్థితిలో లేదు. తోక సొట్టతోనే పడి ఉంది. ఒకరోజు పొద్దున్నే మరిది సుత్తి పట్టుకుని వచ్చి, ఎవరినీ అడగకుండా బండి కింద దూరాడు. మా ఆయన కట్టు చేత్తో స్టూలు మీద కూర్చున్నాడు.

"గట్టిగా కొట్టు" అన్నాడు. ఆ గొడవ తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట.

"కొడతన్నాను."

"అది కొట్టడవేటిరా? నా సేతి మీద ఏసినట్టు ఎయ్యి."

కింద సుత్తి ఆగింది. మళ్లీ మొదలైంది. ఆ దెబ్బలకి వంటగదిలో గిన్నెలు అదిరాయి. మధ్యమధ్య ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

చీర తడిపి ఇచ్చాను, పరిచారు. తోక దగ్గర ఒక్క మడత. కొట్టి మళ్లీ పరిచారు. మళ్లీ అక్కడే. ఎంత కొట్టినా ఆ మడత పోలేదు.

"రేకు సాగిపోనాది అన్నా. ఇంక రాదు." మరిది మెల్లిగా అన్నాడు. "రెక్కెడితే కప్పడిపోద్ది."

సమ్మెట ఎక్కడుందా అని మూలకి చూశాను. మా ఆయన లేచి, చీర మీంచే ఆ మడత మీద ఎడమచెయ్యి వేశాడు.

"మీ ఒదిన దెబ్బ ఇది. కప్పడవెందుకు? దూరంగెల్లి సూడు, దెబ్బతో బాగున్నాదా లేదా."

మరిది పట్టాల కంచె దాకా వెళ్లి నిలబడ్డాడు. అటునుంచీ ఇటునుంచీ చూశాడు. రెక్క ఊసు మళ్లీ ఎత్తకుండా వచ్చి, చీర తీసి, పిండి, దులిపి, తీగ మీద తనే ఆరేశాడు.