భూషణరెడ్డి గారి తెల్లంచు టైర్లు

మా బావ నాగభూషణరెడ్డి గారు కన్నుమూసి పక్షం రోజులు కావస్తున్నది. బడిలో నేను సంధులు చెబుతుండగా బంట్రోతు కిటికీ దగ్గరికి వచ్చి ఆ వార్త చెప్పాడు. సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నేను దుఃఖిస్తున్నాననుకుని పిల్లలు చప్పుడు కాకుండా పుస్తకాలు మూశారు. కలిగినది దిగ్భ్రమే గాని దుఃఖమని చెప్పుకోలేను. ఆయన మీద నా కోపం ఇంకా నడివయసులోనే ఉన్నది. ఆయన మాత్రం దాన్ని నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆయన క్లబ్బు వారు సంస్మరణ సంచిక వేస్తున్నారు. కార్యదర్శి గారు మా ఇంటికి వచ్చి, "అయ్యవారూ, మీరు ఆయనకు బామ్మర్ది. తెలుగు పండితులు గూడా. నాలుగు మంచి మాటలు మీరే రాయల్ల" అన్నారు.

"మంచివో చెడ్డవో తెలీదు గాని నిజమైన మాటలు రాస్తా. అచ్చేస్తారా?" అన్నాను.

"సచ్చిపోయినాయప్ప గురించి ఎవరన్నా చెడ్డ రాస్తారా యాడన్నా?" అని నవ్వుతూ లేచారు. వేస్తారో వెయ్యరో వారిష్టం.

భూషణరెడ్డి గారు మాకు మేనమామ కొడుకు, మా అక్క సుభద్రకు భర్త. రాయచోటి తట్టున వేరుశనగ పొలాలు, కడపలో నూనె మిల్లు. ఆజానుబాహువు, స్ఫురద్రూపి. పద్యం ఎత్తుకుంటే వీధిలో పోయేవాడు ఆగి వినవలసిందే. విందులలో ఆయన పక్క స్థానం కోసం పెద్దమనుషులు పోటీపడేవారు. ఇవన్నీ సత్యాలే. ఈ సంచికలో తక్కిన వారందరూ వీటిని విస్తారంగా వర్ణిస్తారు గనుక నేను ఇంతటితో వదిలేస్తున్నాను. ఆయన ఆత్మగౌరవం మహత్తరమైనది. ఎదుటివారికి కూడా అటువంటిది ఒకటి ఉంటుందన్న అనుమానం మాత్రం ఆయనకెన్నడూ రాలేదు.

ఆయన కారు సంగతి తెలియని వాళ్లు కడప, కర్నూలు జిల్లాలలో ఎవరూ లేరు. దేశం విడిచి పోతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు దగ్గర కొన్నది. రెండే సీట్లు, పైకప్పు గుడ్డది, పొడుగాటి ముక్కు. సన్నని కమ్ముల చక్రాలు, సైకిలు చక్రాలకు అన్నగార్ల లాగా ఎత్తుగా ఉండేవి. చూడడానికి బక్కచిక్కినట్టున్నా మన గులకరాళ్ల దారులలో, బండి జాడలలో ఆ ఎత్తే కారును కాపాడేది. అక్క ఆ కారును ఇష్టపడింది. పెళ్లయిన చాలా ఏండ్లకు ఆమె బావ పక్కన నవ్వుతూ కూర్చోవడం నేను అందులోనే చూశాను.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏండ్లలో బావ తరచుగా అక్కడికి పోయేవారు. ఒకనాడు నన్నూ తీసుకుపోయారు. ఒక విందు జరిగే బంగళా ముందు కారు నిలిపారు. ఎప్పటిలాగే పిల్లలూ పెద్దలూ చుట్టూ మూగారు. ఇంతలో మద్రాసు నుంచి ఒక కాంట్రాక్టరు కారు వచ్చి పక్కన ఆగింది. దాని చక్రాలు పొట్టిగా, వెడల్పుగా, అద్దాల లాగా మెరుస్తున్నాయి. టైర్లకు చుట్టూ తెల్లని అంచు. మూగిన జనం మొత్తం అటు జరిగింది. ఒక ముసలాయన మా కారు చక్రాన్ని చేతికర్రతో తట్టి, "దీనికి గ్రహణీ రోగం బట్టి సిక్కిపోయినట్టుండాదే" అన్నాడు. అందరూ నవ్వారు. బావ ఆ పూట విందులో ముద్ద ముట్టలేదు.

కడప చేరాక ఒకటే మాట అన్నారు: "చక్రం జూసి మొగోన్ని సెప్పొచ్చప్పా." ఆ సూక్తి తరువాత క్లబ్బులో చాలా ప్రచారం పొందింది.

చక్రాల ఎన్నికకు మద్రాసు ప్రయాణమయ్యారు. అక్కా బావా ముందు కూర్చున్నారు. సీట్ల వెనక పెట్టెలు పెట్టుకునే అరుగు వంటి చోట నేను మడుచుకుని పడి ఉన్నాను. మోటారు సామాన్ల వీధిలో ఉదయం నుంచి సాయంత్రం దాకా అంగడి వెంట అంగడి తిరిగాం. బావ టైరును బొటనవేలితో నొక్కేవారు, వాసన చూసేవారు, ఎదురు గోడకు ఆనించి దూరంగా పోయి తల వంచి చూసేవారు. పెండ్లిచూపులలో కూడా ఆయన అంత శ్రద్ధ పెట్టలేదని అక్క నా చెవిలో అన్నది.

ఒక అంగడివాడు మన దారులకు తగినవని లోతైన గాట్లున్న సన్నని టైర్లు చూపించాడు. కమ్ములు మార్చి అవే చక్రాలకు వేయించుకోమన్నాడు. బావ వాటి మొహం చూడలేదు. చివరకు ఆయన మనసు ఒక చక్రాల సెట్టు మీద పడింది. కర్నూలులో చూసిన వాటికంటే వెడల్పు, తెల్లంచు, నడుమ నికెలు మూతలు. అంగడివాడు కొలిచి చూసి, అవి మరొక పెద్ద కారుకు చేసిన చక్రాలనీ, మధ్యలో ఇనుప బిల్ల వేస్తే తప్ప బిగుసుకోవనీ, అట్లా వేస్తే చక్రం బయటికి జరిగి మడ్గార్డుకు తగులుతుందనీ చెప్పాడు.

"కొల్తలు మనిషి పెట్టినవే గదా. మనిషే మారుస్తాడు" అన్నారు బావ.

అక్క చెప్పింది. "బావా, దారికి తగ్గ చక్రం ఏసుకోవల్ల గాని, పక్కోని కారు జూసి ఏసుకుంటారా? నున్నటి టైరు గులకల మీద నిలస్తాదా?"

"నువ్వు ముగ్గు ఏసేటప్పుడు నేనేమన్నా అడ్డం వస్తాండానా? గమ్మునుండు" అన్నారు బావ, అంగడివాళ్లందరి ముందర. అక్క వీధి వైపు తిరిగి నిలబడింది.

తిరుగు ప్రయాణంలోనే మొదటి మలుపుకు ఆ శబ్దం విన్నాను. చర్రుమని, తోలు చింపినట్టు. పూర్తిగా పక్కకు తిప్పినప్పుడల్లా ముందరి టైరు మడ్గార్డు లోపలి అంచును రాచుకునేది. ముగ్గురమూ విన్నాం. కడపలో రేకుపని చేసేవాని చేత ఆ అంచు కత్తిరించి పైకి వంపించారు. శబ్దం తగ్గింది గాని వాడు కోసిన చోట రేకు కత్తివాదర లాగా మిగిలింది. నేను తడిమి చూసి వేలు కోసుకున్నాను. "అయ్యవార్ల ఏళ్లు సుద్దముక్కకే పనికొస్తాయి" అని ఆయన నవ్వారు.

ఆ వేసవిలో మా వీధి బావి అడుగంటింది. ఆడవాళ్లు బిందెలు వరుసబెట్టి తెల్లవారుజాము నుంచి కూర్చునేవారు. భూషణరెడ్డి గారింటి ముందు మాత్రం పొద్దున్నే సబ్బు నురగతో ఆ తెల్లంచులు కడుగుతుండేవారు. దుమ్ము పడితే వాటి తెలుపు చెడుతుందట. నూనె మిల్లులో పనిచేసే ఒకామె ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడి, "టైర్లకు శానా దప్పికైతాండాది పాపం" అన్నది. మరుసటి రోజు నుంచి ఆమెకు మిల్లులో పని లేదు. దీనులకు ఆయన చేసిన దానధర్మాల గురించి రాయబోయే మిత్రులు ఈ విషయం కూడా కలుపుకోవచ్చు.

సీతాఫలాల కాలం వచ్చింది. అక్కా బావా రాయచోటిలో ఒక పెళ్లికి పోయి, మరునాడు ఉదయం కడపకు తిరిగి వస్తున్నారు. గువ్వలచెరువు కనుమ దిగేటప్పుడు ఒక బస్సును దాటాలని బావ వేగం పెంచారు. మలుపులో కారు ఒరిగింది. మళ్లీ అదే చర్రుమనే శబ్దం, వెంటనే తుపాకి పేలినట్టు చప్పుడు. ఎడమ ముందరి టైరు పగిలి కారు దారి అంచుకు దూసుకుపోయింది. అక్కడ హుసేనమ్మ అనే ముసలమ్మ గంపలో సీతాఫలాలు పెట్టుకుని అమ్ముకుంటూ ఉంది. ఆమె లేవబోయింది. లేవలేకపోయింది.

అక్క దిగి ప్రాణం పోయిన ఆ ముసలమ్మ తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది. బావ దిగి మొదట టైరు చూశారు. తరువాత అక్క పక్కన మోకాళ్ల మీద కూలబడ్డారు.

"సుభద్రా, టైరని తెలిస్తే నన్ను బతకనియ్యరు. ఆ రేకు నేనే కోయిపిచ్చినానని ఊరంతా తెలుసు. భయపడి నువ్వు స్టీరింగు లాగినావని సెప్పు. ఆడమనిషివి, భయపడితివి అంటారు, అంతే. నాలుగు దినాలు పోనీ, నేనే అందరికీ నిజం సెప్తా."

ఆయన అట్లా బతిమాలుకుంటుంటే ఆమె జాలిపడింది. పోలీసులు అడిగితే ఆయన చెప్పమన్నట్టే చెప్పింది. కేసు నిలవలేదు.

ఆ సాయంత్రం నేను పోయి టైరు చూశాను. దాని పక్క భాగం జానెడు పొడుగున తెగి ఉంది, పుచ్చకాయ కోసినట్టు. వారం తిరక్కముందే ఆ చక్రాలు మాయమై పాత కమ్ముల చక్రాలు మళ్లీ వచ్చాయి.

"ఎందుకు మార్చినావు బావా?" అని అడిగాను.

"మోజు తీరింది" అన్నారు.

నాలుగు దినాలు ఏండ్లయ్యాయి. మొదట ఎవరైనా అడిగితే బావ తల వంచుకుని ఊరుకునేవారు. అడిగినవాళ్లు అక్క వైపు జాలిగా చూసేవారు. పోను పోను ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. క్లబ్బులో, బంధువుల ఇండ్లలో, అక్క వడ్డిస్తుండగానే: "నేనైతే బస్సును దాటేసిందునప్పా. ఆడదాని చెయ్యి పడె." చివరకు ఆయనే నమ్మారేమో అనిపించేది. అక్క కారెక్కడం మానేసింది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. పోయిన చోటల్లా, "ఆయమ్మే, స్టీరింగు లాగినామె" అన్న మాట ఆమెకంటే ముందు పోయేది.

హుసేనమ్మ కూతురు ఖాసింబీ కడపలో పండ్లమ్ముకుంటుంది. ఒకనాడు అక్కా నేనూ బజారులో పోతుండగా ఎదురొచ్చింది. తిట్టలేదు. అక్క మొహంలోకి చూసి, "నీకేమమ్మా, భయమైతే పట్టుకోను మొగుని చెయ్యుండాది. మాయమ్మకు పట్టుకునేకి ఏముండె?" అన్నది. అక్క నోరు తెరిచింది. నేను జోక్యం చేసుకోబోతే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "ఆయన సెప్పల్ల. నేను మాటిచ్చినా" అన్నది ఇంటికొచ్చాక. ఆమె మాట ఇచ్చింది. ఆయన కూడా ఇచ్చారు.

గుండెజబ్బుతో బావ మంచం పట్టారు. అక్కే పక్క దులిపింది, గంజి తాగించింది, ఒళ్లు తుడిచింది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నేను అడిగాను.

"బావా, ఖాసింబీని పిలుచుకొస్తా. ఒక్కమాట సెప్పు."

"ఏం సెప్పల్ల?"

"టైరు పగిలిందని."

"సెప్తే ఆయమ్మ తల్లి లేసొస్తాదా?"

"మా అక్క లేస్తాది."

ఆయన కండ్లు మూసుకున్నారు. "టైరే అప్పా. నాకు తెల్దనుకుంటాండావా? ఆ చప్పుడు దినామూ ఇనపడతాండాది." తరువాత, "కొంచెం ఒళ్లు కుదుటపడనీ. నేనే పిలిపిస్తా" అన్నారు.

మరుసటి రోజు నేను పోయేసరికి క్లబ్బు మిత్రులు చుట్టూ కూర్చుని ఉన్నారు. బావ దిండుకు ఆనుకుని, కనుమలో కారు ఎంత వేగంగా దింపేవారో చెబుతున్నారు. నన్ను చూసి కూడా ఆపలేదు. అక్క మజ్జిగ గ్లాసులు పట్టుకుని గడపలో నిలబడి ఉన్నది. "అంతా బాగుండు గాని, ఆ పొద్దు..." అని ఆయన అనగానే ఆమె గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి పోయింది. ఆ మాటలే నేను ఆయన నోట విన్న చివరి మాటలు.

కర్మకాండ ముగిసిన నాడు, చుట్టాలు పోయాక, ఖాసింబీ వచ్చింది. వాకిట్లో నిలబడి అక్కను చూసింది. తెల్లచీరలో కూర్చున్న అక్క ఆమెను లోపలికి పిలిచి పక్కన కూర్చోమన్నది.

"ఇప్పుడన్నా సెప్పమ్మా. నువ్వు లాగినావా?"

"ల్యా ఖాసింబీ. నా చేతులు నా ఒళ్లోనే ఉండె. టైరు పగిలింది. ఆ రేకు కోసింది."

నేను ముందుకు వచ్చి, టైరు నా కండ్లతో చూశాననీ, ఆయన నాతో ఒప్పుకున్నారనీ చెప్పాను. ఖాసింబీ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో కోపం లేదు; నమ్మాలని ఉంది, నమ్మలేకపోతున్నది.

"నువ్వేమో ఆయమ్మ తమ్మునివి. ఆయమ్మ సెప్తే తన కోసం సెప్పుకుంటాంది అంటారు. ఆయప్ప బతికుండంగా ఒక్క తూరి అనింటే సాలు, ఇంటింటికీ బోయి నేనే సెప్పిందును" అంటూ లేచింది. గడప దగ్గర ఆగి, "సచ్చినాయప్ప మీద ఇంగ ఎట్లన్నా సెప్పొచ్చు గదమ్మా" అన్నది. అక్క ఆమె వెళ్లిన వాకిలి వైపు చూస్తూ పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చున్నది.

భూషణరెడ్డి గారి స్థానం ఎవరూ పూరించలేనిదని సంతాప సభలో వక్తలందరూ అన్నారు. వారి మాటకు నేను తలవంచి నమస్కరిస్తున్నాను. మా అక్క మీద పడిన నింద తుడవగలిగిన నోరు ఈ లోకంలో ఒక్కటే ఉండేది. బావ వాళ్ల తోటలో దాన్ని మా చేతులతో మేమే మట్టి చేసి వచ్చాం.