తడి వాకిట్లో తీసిన రీడింగు

మొన్న శుక్రవారం పొద్దున్నే మిన్నీ బేలో మావయ్య వాళ్లింటి నుంచి ఫోనొచ్చింది. మా మావయ్య, అంటే మా అమ్మకు అన్నగారు, పోయారు. పాత ఆఫీసువాళ్లు సంతాపం పంపుతూ "ఎంతో బాధ్యతగల ఉద్యోగి" అని రాశారు. చదివితే ఒళ్లు మండింది నాకు.

స్వాతంత్ర్యం వచ్చాక శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని ఈ దీవులకొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. మావయ్య మాత్రం వల పట్టలేదు. మెయిన్‌లాండ్‌లో ఒక యురేనియం గని దగ్గర, తవ్వి పారబోసిన మట్టిగుట్టల్లోంచి రేడాన్ వాయువు ఎంత వస్తోందో కొలిచే ఉద్యోగం ఆయనది. సెలవులకు షాదీపూర్‌లో మా ఇంటికొస్తే ముందు కిటికీలన్నీ తెరిచేవారు. వాన జల్లు పడుతోందని అమ్మ కేకలేసినా వినేవారు కాదు.

"దానికి రంగూ లేదు, వాసనా లేదు బేటీ. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకి కేన్సరే. మట్టి సందుల్లోంచి పైకొచ్చేస్తాది. పైన తడిపేవనుకో, దారి మూసుకుపోద్ది. అప్పుడు పక్కకి పాకుతాది, పొడినేల ఎక్కడుందా అని. ఇంటి కింద ఉన్నంత పొడి ఇంకెక్కడుంటాది?"

నాకు సైన్సు మీద ఇష్టం పుట్టింది ఆ మాటల వల్లే. ఆ రుణం కాదనను.

గుట్ట పక్కనే కూలీల కాలనీ, ఎక్కువమంది మన వైపువాళ్లే. కొలవడానికి మావయ్యను వెంటేసుకుని ఆఫీసు పెద్దసారు వస్తున్నాడంటే, దుమ్ము లేవకూడదని ఆడవాళ్లు మర్యాదకొద్దీ వాకిళ్లనిండా బిందెలతో నీళ్లు చల్లేవారు. ఆ తడి మీద మీటరు పెడితే అంకె తక్కువ రాక ఏమొస్తుంది?

"సాబ్, ఇళ్లలో కూడా పెట్టి చూద్దాం," అని మావయ్య ఒకసారి అడిగారట.

"వాకిట్లో తక్కువే ఉంది కదా భయ్యా, సైన్ చెయ్," అన్నాడట సారు.

చేశారు. ఏటేటా చేస్తూనే ఉన్నారు. పోనీ, నీళ్లు చల్లొద్దని ఆ ఆడవాళ్లకైనా చెప్పొచ్చు కదా అని నేను నిలదీస్తే, "మన కోసం చల్లుతారే, వద్దంటే చిన్నబోరూ?" అన్నారు. ఆ మొహమాటాన్ని నేనింకా క్షమించలేదు.

రిటైరయ్యాక ఉండబట్టలేక, సొంతంగా మీటరు కొనుక్కుని ఆ కాలనీకి వెళ్లారు. తెలిసినవాళ్లింట్లో, బీటలు వారిన గచ్చు మీద రెండ్రోజులు ఉంచి చూశారు. వాకిట్లో వచ్చే అంకెకు ఎన్నో రెట్లు వచ్చిందట. ఆ ఇంటి కోడలికి ఉన్నదున్నట్టు చెప్పేశారు.

ఆమె నవ్వేసింది. "ఇన్నేళ్లూ బాగుందని మీరే రాసేరు కదా బాబూ! ఆ ధైర్యంతోనే కదా మేం ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం!"

ఆమె పక్కనే పసిపాప, చాప మీంచి దొర్లిపోయి, గచ్చు బీటకు బుగ్గ ఆనించి హాయిగా నిద్రపోతోందట.