మర్రాకేష్ ప్రయాణానికి ముందు దావత్‌లు

ఇల్లు దాటకుండానే ఒక ఆఫ్రికా ప్రయాణాన్ని చుట్టాలకు వండి వడ్డించేసిన ఘనత నాది. నవ్వుకోండి, నాకేం సిగ్గు లేదు.

పెళ్లయి ఇరవై ఏళ్లు. ఎవరింట్లో ఏ దావత్ అయినా మౌలాలి నుంచి నేనే వెళ్లి పొయ్యి ముందు నిలబడాలి. అందుకే ఒక కోరిక పట్టుకుంది. మొరాకోలోని మర్రాకేష్‌లో, పాత మహల్‌ను హోటల్‌గా మార్చిన చోట వారం రోజులు రాణీలా ఉండాలి. గరిటె ముట్టకూడదు. మా ఆయన జానీ కంప్యూటర్ ముందు కూర్చుని బడ్జెట్ వేశారు. విమానం, గదికే సొంత స్విమ్మింగ్ పూల్, డ్రైవర్‌తో కారు, ఒంటె సవారీ, చివరికి ఒంటెవాడి బక్షీస్ కూడా రాశారు. టికెట్ల రేటు తగ్గాక కొందామనుకున్నాం.

అక్కడితో నోరు మూసుకుంటే సరిపోయేది. నేరేడ్‌మెట్‌లో ఉండే మా పెద్ద తోటికోడలు సలీమా భాభీకి ఫోన్ చేశాను.

"మహల్లనా? నువ్వా?" అని పగలబడి నవ్వింది. "గోల్కొండ పోయి రారాదు, బస్సు కిరాయిల అయిపోతది."

నాకు ఒళ్లు మండింది. సాయంత్రానికల్లా చుట్టాలందరికీ చాటింపు వేశాను.

మాలో ఎవరైనా దూరం పోతున్నారంటే చుట్టాలు వచ్చి, క్షేమంగా తిరిగి రావాలని నాణెం పెట్టి కుట్టిన పట్టీ భుజానికి కడతారు. ఇమాం జామిన్ అంటాం. కట్టినవాళ్లను ఖాళీ కడుపుతో పంపితే ఇంకేమైనా ఉందా? వరంగల్ వాళ్లు జీపు నిండా వచ్చారు. బిర్యానీ, ఖుబానీ మీఠా, మళ్లీ బిర్యానీ. పట్టీలు నా మోచేతి దాకా దిగాయి, పొయ్యి మాత్రం ఆరలేదు.

"నసీమా, ఒంటె పోయింది," అన్నారు మా ఆయన కంప్యూటర్ చూస్తూ.

"యాడికి?"

"మటన్‌ల పోయింది."

తర్వాత కారు పోయింది. పూల్ పోయింది.

"ఇగ గది సుత పోయేటట్టుంది. వచ్చేటోళ్లను వద్దను."

"అంటే భాభీ నవ్వదా? జనగామోళ్లు ఇంక రానేలేదు. జెర ఓపిక పట్టుండ్రి."

జనగామవాళ్లు వచ్చారు, రెండు రోజులు ఉన్నారు. విమానం కూడా పోయింది.

ముందే చాటిన తేదీకి భాభీ పూలదండతో హాజరైంది. నేను తగ్గుతానా? దండ వేయించుకుని, మా ఆయనతో, పెట్టెలతో క్యాబ్ ఎక్కాను. సందు మలుపు తిరగగానే, "ఎయిర్‌పోర్ట్ వద్దు భయ్యా, సికింద్రాబాద్ స్టేషన్ కాడి పెద్ద హోటల్‌కు పోనీ," అన్నాను. మిగిలిన డబ్బుకు అక్కడ వారం రోజులు గది దొరికింది. పూల్ కూడా ఉంది, కాకపోతే అందరిదీ.

మర్నాడు పూల్ పక్కన కూర్చుని ఐస్‌క్రీమ్ తింటుంటే ఎదురుగా సలీమా భాభీ! కింద హాల్లో ఎవరిదో నిఖా అట.

నా పట్టీలు చూసింది, నన్ను చూసింది. "ఏందీ, ఇదేనా మర్రాకేష్?"

"కాదు భాభీ," అన్నాను చెంచా దించకుండా. "విమానం లేటు."

వారం పూర్తయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు. గరిటె ముట్టలేదు.

అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై విమానం గాల్లోకి లేచేదాకా ప్రయాణం మాట ఒక్క ప్రాణికి కూడా చెప్పను. మర్రాకేష్ వెళ్లి తీరతాను. మళ్లీ డబ్బు కూడబెట్టి, ఈసారి టికెట్లు కూడా కొనేశాం.

అయ్యో, మీకు చెప్పేశానే! సరే, ఉన్నచోటు నుంచే దీవించండి. భోజనానికి మాత్రం రాకండి.