ఎస్తేరు మేడం పట్టిన మునుం

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తాళంచెవి నా దగ్గర ఉంటుంది. నా పేరు పిచ్చయ్య. ఒకప్పుడు మిర్యాలగూడ స్టేషన్ రోడ్డులో టైపు నేర్పినవాణ్ణి. టైపు మిషన్లు పాత ఇనుము కింద పోయాక ఈ డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. పన్నెండు కంప్యూటర్లు, వాటి మీద కప్పే పన్నెండు గుడ్డలు, గుమ్మం బయట విడవాల్సిన చెప్పులు, ఇంతే నా రాజ్యం. నాకు కోపం ఎక్కువని పిల్లలు అంటారు. నిజమే. చిప్స్ తిన్న చేత్తో కీబోర్డు ముట్టుకుంటే ఎవరికి మాత్రం రాదు?

ఆ రాజ్యంలోకి నాలుగేళ్ల కిందట ఎస్తేరు మేడం వచ్చింది. సన్నటి మనిషి. రోజూ గరిడేపల్లి నుంచి బస్సులో వచ్చేది. గడియారం పట్టీ కింద దోపుకున్న బస్ టికెట్ సాయంత్రం దాకా అక్కడే ఉండేది. మా ల్యాబ్ కిటికీలోంచి చూస్తే ముందు రైస్ మిల్లుల గొట్టాలు, వాటి వెనక సాగర్ కాలువ నీళ్లు పారే పొలాలు కనిపిస్తాయి. మధ్యాహ్నం పూట ఉప్పుడు బియ్యం ఉడికిన వాసన గదిలోకి వచ్చి కూర్చుంటుంది. గాలిలో ఊక దుమ్ము బంగారు రంగులో నెమ్మదిగా తిరుగుతుంటుంది. నాకది తుడవాల్సిన దుమ్ము. మేడంకు మాత్రం వేరే ఏదో కనిపించేది. పాఠం చెప్తూ చెప్తూ సగం మాట మీద ఆగిపోయి, అటే చూస్తూ నిలబడేది.

"మేడం కాలువల పడ్డది," అని పిల్లలు గుసగుసలాడేవాళ్లు. ఎవరూ కదిలించేవాళ్లు కాదు. కాసేపటికి తనే తిరిగొచ్చి, ఆపిన మాటకన్నా తేలికైన మాటతో పాఠం అందుకునేది.

ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వాళ్లమ్మ నాట్ల ముఠాకు పెద్ద. ఇరవై మంది ఆడవాళ్లను వెంటేసుకుని గరిడేపల్లి చుట్టూ పొలాల్లో నాట్లు వేయించేది. బడి సెలవుల్లో ఎస్తేరు కూడా దిగేది. మడిలో ఒక్కో మనిషికి ఒక్కో పట్టె వంతు వస్తుంది, దాన్నే మునుం అంటారు. ఎవరి మునుం వాళ్లు నాటుకుంటూ వెనక్కి నడుస్తారు. ఒకరి మునుం ముందుగా అయిపోతే గట్టెక్కి కూర్చోరు, వెనకబడినదాని మునుంలోకి అవతలి కొస నుంచి దిగుతారు. "ఎవ్వరన్న చెప్పాల్నా అన్నా? అందరికి ఎరుకే," అనేది మేడం.

కోదాడలో బీటెక్, అక్కడే ఎంటెక్. ఎంటెక్ రెండో ఏడు ఒక పాఠం వచ్చిందట. ఒక పెద్ద పనిని ముక్కలు చేసి, చాలా కంప్యూటర్లకు పంచి, ఒకేసారి చేయించడం. ఎవరికెంత పంచాలి, ముందు ముగించినవాడు ఏం చేయాలి, అందరి లెక్కలు ఎక్కడ కలపాలి అని. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటి దాకా ఏడ్చిందట. బాధతో కాదు, కోపంతో.

"మా అమ్మ చేసే పనే అన్నా అది. నాకు ఇరవై నాలుగేండ్లు వచ్చినంక చెప్పిన్రు. మొదాల్నే గిట్ల చెప్తే నేను కంప్యూటర్‌కు భయపడేదాన్నే కాదు."

తరవాత సూర్యాపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఐదేళ్లు నోట్సు రాయించింది. కంప్యూటర్ తరాలు ఎన్ని? ఐదు. దాని భాగాలు ఎన్ని? ఇన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు, పరీక్ష అయ్యాక మరిచిపోయేవాళ్లు. మా దగ్గరికి వచ్చాక కూడా మొదటి ఏడు పిల్లలకు అదే నోట్సు. ఆ నోట్సు రాసిన రోజుల్లో ఒక కంప్యూటర్ అంటే ఒక్కటే, ఒకసారికి ఒకే పని చేసేది. ఇప్పుడు జేబులో ఫోన్ కూడా ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. నోట్సుకు మాత్రం ఆ సంగతి తెలియదు.

మూడేళ్లు ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరిగింది. చివరికి ఒక్క సెమిస్టర్‌కు ఒప్పుకున్నారు. షరతు ఏమంటే, సెమిస్టర్ చివర సిలబస్ బోర్డు నుంచి ఒక సభ్యుడు వచ్చి చూస్తాడు. ఆయన బాగుందంటే మొదటి ఏడులోనే ఈ పాఠం నిలబడుతుంది. బాగాలేదంటే మళ్లీ పాత నోట్సే, ఇంకోసారి అడగడానికి లేదు.

మొదటి రోజు ఆమె ల్యాబ్‌కే రాలేదు. తరగతి గదిలోనే ఒకమ్మాయికి అరవై జవాబు పత్రాలిచ్చి రోల్ నంబర్ల వరసలో పేర్చమంది. ఆరు నిమిషాలు పట్టింది. తరవాత అవే పత్రాలు పది మందికి ఇచ్చింది. పదిమందీ ఒకే బల్ల మీద పడ్డారు. తోపులాట, చిరిగిన కాగితాలు, తొమ్మిది నిమిషాలు. నేను గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వాను.

"నవ్వకన్నా, గదే పాఠం," అంది.

తరవాత నా కంప్యూటర్లన్నిటినీ కేబుళ్లతో ముడివేసింది. ఎవడో తట్టుకుని పడతాడని రోజూ సణిగాను. ఆమె వినిపించుకోలేదు. ఒక మిల్లువాళ్లను బతిమాలి నల్లగుడ్డ మీద పరిచిన బియ్యాన్ని రెండు వందల నలభై ఫొటోలు తీసుకొచ్చింది. ఒక్కో ఫొటోలో నూకలెన్నో కంప్యూటర్ లెక్కపెట్టాలి. పన్నెండు కంప్యూటర్లు, తలా ఇరవై ఫొటోలు. అందరి లెక్కలూ మొదటి కంప్యూటర్ కలుపుతుంది. మా ఊరి పిల్లలకు నూక అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ప్రోగ్రాం రాయడం అంటే వణికే పిల్లలు బెల్లు కొట్టినా లేవడం మానేశారు. గుమ్మం దగ్గరి రెండు పాత కంప్యూటర్లు నెమ్మదివి. అందరూ ముగించి వాటికోసం ఎదురుచూసేవాళ్లు. ఆ ఎదురుచూపులో గదంతా నిశ్శబ్దంగా ఉండేది. ఫ్యాన్ల హోరు, దూరంగా మిల్లు మోత, అరవై జతల కళ్లు. నాకు కూడా నిద్రలో నడుస్తున్నట్టు అనిపించేది.

నవంబరులో బోర్డు సభ్యుడు వచ్చారు. జగదీష్ సార్, కోదాడ ఆయన. మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉండటంతో గంట ఆలస్యంగా వచ్చారు. నెమ్మదిగా మాట్లాడతారు, ప్రతిదీ రాసుకుంటారు.

"ఒక్క కంప్యూటర్ అయితే ఎంతసేపు పట్టిందమ్మా?"

"నలభై ఒక్క నిమిషం సార్. ఆరు వేల మూడు వందల పద్దెనిమిది నూకలు," అంది మేడం.

"సరే, ఇప్పుడు అందరూ కలిసి చేయండి."

మొదలుపెట్టారు. ముందు రోజు ఐదు నిమిషాలు దాటింది. ఆ రోజు మూడున్నర నిమిషాలకే అయిపోయింది. మేడం ముఖం వెలిగిపోయింది. తరవాత తెర మీద అంకె వచ్చింది. ఆరు వేల ఆరు వందల ఏడు.

జగదీష్ సార్ కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఇదేంటమ్మా, పంచితే నూకలు పెరుగుతాయా?"

ముందు రోజు ప్రోగ్రాం నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. అది నా అలవాటు, దేన్నీ నమ్మను. మేడం పక్కకు వెళ్లి మెల్లగా చెప్పాను. "పాతది నా కాడ ఉన్నది మేడం. జర ఆలస్యమైతది గని లెక్క సరిగ్గ వస్తది. కరెంటు అటిటు అయ్యిందని నేను చెప్త."

ఆమె నా చేతిలోని పెన్‌డ్రైవ్ వైపు చూసింది. తరవాత కిటికీ వైపు చూసింది. ఇప్పుడా కాలువలో పడేది తల్లీ, అనుకున్నాను. మూడేళ్లు తిరిగిన మనిషి, ఆ చిన్న ముక్క అందుకుంటే చాలు.

"వద్దన్నా," అంది చివరికి. పిల్లల వైపు తిరిగింది. "ప్రోగ్రాం ఎవరు మార్చిన్రు?"

చివరి వరసలో సంతోషి లేచింది. హాలియా వైపు పిల్ల, తరగతిలో ఎప్పుడూ నోరు తెరవదు. "నేనే మేడం. పొద్దుగాల మార్చిన. తొందరగ అయితదని."

"ఏం మార్చినవ్?"

"అయిపోయినోళ్లు ఊకె కూసోకుండ, వెనకబడ్డ కంప్యూటర్ల ఫొటోలు ఆఖరి నుంచి అందుకునేటట్టు రాసిన. చేసిన ఫొటోకు గీత కొడ్తది మేడం. గీత ఉన్నది మళ్ల ముట్టుకోదు."

"ఇలా చేయమని నీకెవరు చెప్పారమ్మా?" అని జగదీష్ సార్ అడిగారు.

సంతోషి ఆయన్ను వింతగా చూసింది. "ఎవ్వరు చెప్పలే సార్. నా మునుం అయిపోయింది, పక్కదానిది కాలే. గట్టు మీద ఎట్ల నిలబడ్త?"

జగదీష్ సార్ పెన్ను బల్ల మీద పెట్టేశారు. మేడం సంతోషి దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది.

"మంచిగ చేసినవ్. మరి నూకలు ఎందుకు ఎక్కువైనయ్? పొలంల అయితే నువ్వు నాటినకాడ ఇంకొకామె ఎందుకు నాటది?"

సంతోషి కళ్లు తుడుచుకుంటూ ఆలోచించింది. "కాలు పెట్టంగనే కనపడ్తది కద మేడం, గాడ మనిషి ఉన్నదని." ఆగింది. ముఖం మారింది. "కంప్యూటర్‌కు కనపడదు! ఫొటో అయిపోయినంకనే గీత కొడ్తది. అయ్యేదాంక ఖాళీగనే ఉన్నట్టు. నలుగురు ఒక్కసారే వచ్చి అదే ఫొటో పట్టుకున్నరు. ఆ ఫొటోలల్ల ఒక్కొక్క నూక నాలుగుసార్లు లెక్కైంది."

"మరేం చేయాలె?"

"కాలు పెట్టేటప్పుడే గీత కొట్టాలె. అది గూడ మొదటి కంప్యూటర్‌నే అడగాలె. అది ఒక్కసారికి ఒక్కరికే చెప్పాలె."

"రాయి మరి," అంది మేడం. కుర్చీ లాగి ఇచ్చింది కానీ కీబోర్డు ముట్టుకోలేదు.

సంతోషికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండుసార్లు తప్పు చేసింది. జగదీష్ సార్ ఆమె వెనకే నిలబడి చూశారు. టీ తెస్తే చేత్తో పట్టుకుని తాగడం మరిచిపోయారు. ల్యాబ్‌లోకి టీ తేవద్దని నేనూ అనడం మరిచిపోయాను. మళ్లీ నడిపారు. మూడు నిమిషాల నలభై సెకన్లు. ఆరు వేల మూడు వందల పద్దెనిమిది. పిల్లలు బల్లలు చరిచారు.

"ఈ తప్పు మా ఎంటెక్ పిల్లలు చేస్తారండీ," అన్నారు జగదీష్ సార్. "దీని మీద పాఠం ఎప్పుడు పెట్టుకున్నారు?"

"వచ్చే మంగళవారం సార్."

"మీరే చెప్తారుగా?"

"చెప్దామనే అనుకున్న సార్. ఇగ సంతోషి చెప్తది."

ఆయన కాగితం మీద ఏదో రాశారు. నేను సిగ్గు విడిచి మెడ చాచి చూశాను. మొదటి సంవత్సరంలోనే కొనసాగించాలి అని ఉంది. ఆ మాట చెప్దామని తిరిగితే, మేడం అప్పటికే కిటికీ దగ్గర ఉంది. భుజాలు కదులుతున్నాయి. ఈసారి నవ్వో ఏడుపో తెలియలేదు, నేను కదిలించలేదు.

మంగళవారం సంతోషి బోర్డు ముందు నిలబడింది. చాక్‌పీసు రెండుసార్లు జారి పడింది. మడి గీసింది, మునుములు గీసింది, మనుషుల చోట కంప్యూటర్లు గీసింది. మొదట గొణిగింది, తరవాత గొంతు పెరిగింది. నేను ఒకసారి తుడిచిన తెరలనే మళ్లీ తుడుస్తూ వింటున్నాను. ఎస్తేరు మేడం చివరి బెంచీలో సంతోషి చోట కూర్చుంది. నోటుబుక్కు తెరిచి ప్రతి మాటా రాసుకుంటోంది. పాఠం మధ్యలో చెయ్యెత్తి లేచి నిలబడింది.

"మేడం, నాకొక డౌటున్నది," అని సంతోషిని అడిగింది.