సైరన్ ఉన్న పాట

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం మా అన్నగారింట్లో భోజనాలు చేశాక, మా మేనకోడలు ఫోనులో ఏదో విదేశీ పాట పెట్టింది. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు గానీ బాణీ వినగానే నా చేతిలో పని ఆగిపోయింది, ఎందుకంటే అది మా అన్న పాట. అసలుది ఎవరో తెల్లవాళ్ళదని నాకు తెలియక కాదు, కానీ అప్పట్లో గోదావరిఖని నుంచి గోలేటి దాకా ఏ బొగ్గుగని కాలనీలో అడిగినా మా అన్నదనే చెప్పేవారు, మిగతా ప్రపంచం సంగతి మాకెందుకు?

తెలంగాణ రావడానికి చాలా ముందు, ఇళ్ళలో ఇంకా టేప్ రికార్డర్లున్న రోజులవి. అన్న బొగ్గుబాయిలో పనిచేస్తూ చర్చిలో పాడేవాడు. ఎక్కడి బాణీ దొరికినా దానికి మన మాటలు కట్టుకుని క్రిస్మస్‌కు పాడటం మా పాటల బృందానికి అలవాటు, అది ఎవరిదని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఈ బాణీని కీబోర్డు వాయించే మా ఆయన పట్టుకొస్తే, అన్న మాత్రం దాన్ని చర్చికి ఇవ్వకుండా, అప్పుడు నిండు చూలాలైన వదిన కడుపులో బిడ్డకు జోలపాటగా మలచుకున్నాడు.

అంతలోనే అన్న గొంతులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి భయం లేదు గానీ గొంతు పోవచ్చన్నారు. హైదరాబాద్ వెళ్ళే ముందు రోజు మా క్వార్టరుకు వచ్చి, "చెల్లె, నా బిడ్డకు నా గొంతు ఎట్లుండెనో తెల్వాలె. ఒక్కసారి పాడుత, మల్లోసారి నాతోని కాదు" అన్నాడు.

ఫ్యాను ఆపాం, తలుపులు మూశాం, పెరట్లో కోడిని కూడా తరిమేశాం, మా ఆయన టేప్ రికార్డర్‌లో రికార్డు మీట నొక్కాడు. బతుకంతా బాయి సైరన్‌తో లేచి సైరన్‌తో అన్నం తిన్న మేము, ఆ మధ్యాహ్నం మాత్రం సైరన్ సంగతే మరిచాం. అన్న చివరి చరణంలో ఉండగా రెండో షిఫ్టు సైరన్ మోగింది. మా ఆయన టేపు ఆపబోతే అన్న చెయ్యెత్తి వద్దన్నాడు, అది సద్దుమణిగేదాకా అలాగే నిలబడి, ఆగిన చోటే మళ్ళీ ఎత్తుకున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ క్యాసెట్టు నకలు నకలుగా ఆటోల్లోకీ టీ కొట్లలోకీ పాకింది. పాటలో సైరన్ విని ఆడవాళ్ళు హడావిడిగా టిఫిను డబ్బాలు సర్దేవారు, పక్కింటి కాక అయితే కునుకు నుంచి లేచి చొక్కా తొడుక్కుని సగం దారి వెళ్ళి తిట్టుకుంటూ తిరిగొచ్చాడు. కరీంనగర్‌లో మా చుట్టాలకు మాత్రం ఆ పాట ఊసే తెలియదు.

అన్న బతికాడు, గొంతు పోయింది. ఇప్పుడు పక్కన కూర్చుంటే తప్ప మాట వినిపించదు.

మొన్న ఆ విదేశీ పాట చివరికొచ్చేసరికి మేనకోడలు నావైపు తిరిగి, "అత్తమ్మా, గిండ్ల సైరన్ లేదేంది?" అంది. నేను అన్న వైపు చూశాను, అప్పటికే చెయ్యెత్తి ఉన్నాడు. పాట మాత్రం ఎవరికోసమూ ఆగకుండా సాఫీగా వెళ్ళిపోయింది.

అది నచ్చలేదేమో, ఆ పిల్ల క్యాసెట్టు నుంచి ఫోనులోకి ఎక్కించుకున్న నాన్న పాట పెట్టింది. మేమంతా మాటలు మానేసి చివరి చరణం కోసం కూర్చున్నాం. అన్న పనిచేసిన బాయి మూతపడి ఏళ్ళయింది, మనుషులు ఇప్పుడు ఫోను అలారానికి లేస్తున్నారు. మా కాలనీలో ఇంకా మోగే సైరన్ అదొక్కటే.